కుర్చీలో కూర్చునే ముందు జేబులో ఏముందో రాయాలి



ఈ వారం పాత మీటర్‌గేజి రైళ్ళ గురించి రాస్తామని మాట ఇచ్చి ఉన్నాము. దాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాము. మన సర్వసభ్య సమావేశం దగ్గర పడింది. కొత్త కమిటీకి పేర్లు వినబడుతున్నాయి. ఎవరు అధ్యక్షుడు, ఎవరు కార్యదర్శి, ఎవరు కోశాధికారి అని మారతహళ్ళి బ్రిడ్జి కింద టీ కొట్టు దగ్గర కూడా చర్చ నడుస్తోంది. అందుకని ఈసారి ఒక నాయకురాలి చరిత్ర, దానితోపాటు మా సొంత చరిత్ర కొంచెం చెప్పుకుంటాము. పొడవుగానే ఉంటుంది. నిదానంగా చదవండి.

ముందు ఒక రైల్వే సంగతి. మేము బుకింగ్ కౌంటర్లో పనిచేసిన రోజుల్లో డ్యూటీ ఎక్కగానే మొదటి పని టికెట్లు అమ్మడం కాదు. ఒక రిజిస్టర్ ఉంటుంది. మన జేబులో సొంత డబ్బు ఎంత ఉందో అందులో రాసి సంతకం పెట్టాలి. పన్నెండు రూపాయలుంటే పన్నెండు. ఏమీ లేకుంటే ఏమీ లేదని రాయాలి. మధ్యలో విజిలెన్స్ వాళ్ళు వస్తే పెట్టెలో డబ్బు, జేబులో డబ్బు వేరు వేరుగా లెక్క చూస్తారు. కొత్తగా చేరినప్పుడు మాకు ఇది అవమానంగా తోచింది. మమ్మల్ని దొంగలనుకుంటున్నారా అని గొణుక్కున్నాము. కొన్నేళ్ళు పోయాక అర్థమయింది. ఆ రిజిస్టర్ దొంగను పట్టుకోవడానికి మాత్రమే కాదు, మంచివాణ్ణి కాపాడడానికి కూడా. మన జేబులో ఏముందో మనకే తెలియకుండా కౌంటర్లో కూర్చుంటే సాయంత్రానికి ఏది మనదో ఏది రైల్వేదో కలిసిపోతుంది.

నాయకత్వం కూడా అంతే అని మా నమ్మకం. కుర్చీలో కూర్చునే ముందు మన లోపల ఏం మోసుకొస్తున్నామో రాసుకోవాలి. మన భయం, మన సిగ్గు, మన గర్వం. రాసుకోకపోతే అవి సంఘం లెక్కల్లో కలిసిపోతాయి.

ఇలా తన జేబు తాను తడుముకొని చూసుకున్న మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. పేరు వినని తెలుగువారు ఉండరు. హైదరాబాదులో ఆమె పేరుతో ఆసుపత్రి ఉంది, ఢిల్లీలో మెట్రో స్టేషనే ఉంది. కానీ ఆమె కథలో మాకు ముఖ్యంగా తోచిన భాగం పేరు మోసిన భాగం కాదు.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. 8 ఏళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురం వద్దని ఆమె చెప్పగలిగారు, తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. సుమారు 12 ఏళ్ళ వయసులో, బడిలో ఇంగ్లీషు మీడియం తెచ్చిపెట్టడాన్ని నిరసిస్తూ చదువు మానేశారు. అది సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల మాట. బడి మానేసి ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకొని, రాజమండ్రిలో బాలికలకు హిందీ పాఠశాల పెట్టారు. గాంధీగారు ఆ పక్క వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పింది ఈ చిన్న పిల్లే.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ జరిగింది. 14 ఏళ్ళ దుర్గాబాయి గారు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. టికెట్ లేకుండా ఎవరినీ లోపలికి పంపవద్దని పెద్దలు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్ లేదు, ఆమె ఆపేశారు. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలారు. నెహ్రూ గారు కోప్పడలేదు, మెచ్చుకున్నారు. టికెట్లు అమ్మి బతికిన మాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూద్దాము. ఆ వయసులో ఆమె చుట్టూ అంతా పొగడ్తే. ఇంగ్లీషు బడి వదిలిందంటే దేశభక్తి, హిందీ నేర్పిందంటే దేశసేవ. ఆ పొగడ్త తప్పు కాదు, ఆమె చేసిందీ తప్పు కాదు. కానీ చదువు ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్తారు? అందరూ దండ వేస్తున్న చోట ఒక చిన్న పుండు ఉంటే ఆ దండే దాన్ని కప్పేస్తుంది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ప్రకాశం పంతులు గారు, దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులు గారు ముందుండి నడిపారు. ఆ సత్యాగ్రహంలో దుర్గాబాయి గారు ముందు వరుసలో నిలిచారు, అరెస్టయ్యారు. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు పోయారు. వేలూరు జైలు, మదురై జైలు. మదురైలో ఒంటరి కొట్లో పెట్టారు, ఆరోగ్యం దెబ్బతింది.

మాది కాట్పాడి. వేలూరు తొరప్పాడి జైలు గోడ పక్కన ఎన్నోసార్లు సైకిల్ తొక్కిన వాళ్ళము. మా చిన్నప్పుడు ఎవరూ మాకు ఈ కథ చెప్పలేదు.

ఆ జైళ్ళలో ఆమెకు రాజకీయ ఖైదీలే కాదు, మామూలు ఆడ ఖైదీలు కూడా తగిలారు. హత్య కేసుల్లో శిక్ష పడినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో చాలామందికి చదువు లేదు. తమ మీద కేసు ఏమిటో, కోర్టులో ఏం జరిగిందో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియదు. వాళ్ళ గోడు ఆమె విన్నారు, ఓదార్చారు. కానీ అర్జీ రాయాలంటే ఇంగ్లీషు రావాలి. కోర్టులో నిలబడాలంటే లా చదవాలి. ఆమెకు ఆ రెండూ లేవు. వేదికెక్కితే వేలమందిని కదిలించే మనిషి, ఆ గదిలో ఒక్క ఆడమనిషికి ఒక్క కాగితం రాసిపెట్టలేకపోయారు.

చాలామంది నాయకులు ఇక్కడ ఏం చేస్తారు? వ్యవస్థ బాగాలేదని ఒక ఉపన్యాసం ఇస్తారు. అది అబద్ధం కూడా కాదు. దుర్గాబాయి గారు మాత్రం ఇంకొక లెక్క వేశారు. వ్యవస్థ బాగాలేదు, సరే. నా దగ్గర ఏం లేదు? చదువు లేదు. మరి చదవాలి.

జైలు నుంచి బయటికి వచ్చేసరికి వయసు ఇరవై దాటి నాలుగేళ్ళు. దేశమంతా పేరు. ఆ పేరుతో ఇంకో పదవి పట్టుకోవచ్చు. ఆమె ఇంగ్లీషు అక్షరాల దగ్గర కూర్చున్నారు. ఏ భాషను వద్దని బడి వదిలారో ఆ భాష దగ్గరికే తిరిగి వచ్చారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కట్టి పాసయ్యారు. తరువాత పై చదువుకు వాల్తేరు, ఆంధ్ర విశ్వవిద్యాలయం. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదంటే, చదవాలనుకునే ఇంకొందరు అమ్మాయిలను కూడగట్టి వసతి ఏర్పాటు చేసుకున్నారు. పొలిటికల్ సైన్స్ ఆనర్స్ ముగించి, మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి ఆమెకు 33 ఏళ్ళు. బడి వదిలిన రోజు నుంచి లెక్కేస్తే సుమారు 20 ఏళ్ళు.

మధ్యలో 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మొదట్లో ఆ సభ చేసిన ముఖ్యమైన పని ఏమిటో గమనించండి. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకు అదే బనారస్ మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పడం! తన లోటును దాచిపెట్టలేదు. దాన్నే దారి చేసి పదిమందిని నడిపించారు. తరువాత ఆ సభ బడులు, ఆసుపత్రులు, కాలేజీలుగా పెరిగింది.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళలో ఎక్కువ సవరణలు తెచ్చినవారిలో ఆమె ఒకరు. రాజ్యసభలో సభ్యత్వానికి కనీస వయసు 35 కాదు 30 చాలు అని వాదించారు, ఈరోజుకీ 30 ఏళ్ళే అమల్లో ఉంది. 1949 సెప్టెంబరులో జాతీయ భాష మీద పెద్ద వాదం జరిగింది. హిందీ కోసం చిన్ననాటి నుంచి పనిచేసిన మనిషి కదా, గట్టిగా హిందీనే కావాలంటారని అనుకుంటాము. ఆమె హిందూస్తానీకి మద్దతిచ్చారు, కానీ తొందర వద్దన్నారు. దక్షిణంలో మేము ఇష్టపడి నేర్చుకున్న భాష, అక్కడివాళ్ళ అత్యుత్సాహం వల్ల వ్యతిరేకత తెచ్చుకుంటోందని బాధపడ్డారు. 15 ఏళ్ళు ఇంగ్లీషు కొనసాగాలన్న ఏర్పాటే రాజ్యాంగంలోకి వచ్చింది. ఆ గడువు ముగిసిన 1965లో మా తమిళనాడులో ఏం జరిగిందో అందరికీ తెలుసు. తనకు ప్రియమైన దాన్ని కూడా ఎదుటివాడి వైపు నుంచి చూడగలిగారంటే, ఇంగ్లీషు విషయంలో తన పట్టుదలను తాను ఒకసారి సమీక్షించుకున్న అనుభవమే కారణమని మా ఊహ. ఇది మా ఊహ మాత్రమే.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఓటమిని పట్టుకొని కూర్చోలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్ళాడారు. 1958లో ఆడవాళ్ళ చదువు మీద వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. 12 ఏళ్ళకు బడి మానేసిన పిల్ల దేశంలో ఆడపిల్లల చదువు ఎలా ఉండాలో చెప్పే కుర్చీలో కూర్చుంది. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

ఇలాంటి గుణం పెద్దవాళ్ళందరికీ ఒకే మాదిరి ఉండదు. ప్రకాశం పంతులు గారినే తీసుకోండి. ఆయన అంటే మాకు భక్తి. ఆయన మొదట సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ పట్టాతో పై కోర్టుల్లో వాదించలేనని గ్రహించి, 1904లో రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ గిరీ వదులుకొని ఇంగ్లండు పోయి బారిస్టరయ్యారు. తన చదువులో లోటు చూసుకోగలిగారు. కానీ డబ్బు విషయంలోనూ, నలుగురిని కలుపుకొని పోయే విషయంలోనూ ఆయన పట్టుదలే ఆయనకు అడ్డం వచ్చిందని ఆయన్ని ప్రేమించినవాళ్ళు కూడా అంటారు. సంపాదించినదంతా 1921లో పెట్టిన స్వరాజ్య పత్రికలో పోసేశారు. 1946లో మద్రాసు ప్రధాని అయ్యారు, ఏడాది నిండలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తుపాకీకి గుండె చూపిన మనిషికి లోపం ఉందంటే ఆయన విలువ తగ్గదు. ధైర్యం ఉన్నంత మాత్రాన లోచూపు ఉంటుందని చెప్పలేము, అంతే.

గాంధీగారు 1919లో ప్రజలు సిద్ధం కాకముందే సత్యాగ్రహానికి పిలిచానని, అది హిమాలయమంత పొరపాటని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఒప్పుకొని ఊరుకోలేదు. ఉద్యమం ఆపి, ముందు వాలంటీర్లకు శిక్షణ అన్నారు. చూశారా, ఇక్కడ కూడా రెండు మెట్లు. మొదటిది గుర్తించడం, రెండోది దానికి తగిన పని మొదలుపెట్టడం. మొదటి మెట్టు మీదే ఆగిపోతే అది ఏడుపు మాత్రమే.

ఇప్పుడు మా జేబు సంగతి.

మేము సంఘం కార్యదర్శిగా ఉన్న రెండేళ్ళలో పిల్లలకు ఆదివారం తెలుగు తరగతి పెట్టాలని రెండుసార్లు ప్రతిపాదన వచ్చింది. తెచ్చింది ఒక చిన్న వయసు తల్లి. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ, వారానికి రెండు గంటలు తనే చెప్తానని ముందుకొచ్చింది. రెండుసార్లూ మేమే అడ్డం పడ్డాము. మొదటిసారి హాలు దొరకదన్నాము. రెండోసారి పిల్లలకు పరీక్షలు అన్నాము. కమిటీలో అందరూ మా మాట విన్నారు, పెద్దమనిషి కదా. ఆ అమ్మాయి తరువాత మీటింగులకు రావడం మానేసింది. ఆమె ఎందుకు రావడం లేదని మేమే ఒకరోజు అడిగాము కూడా, ఏమీ తెలియనట్టు.

అసలు కారణం ఇది. మాకు తెలుగు సరిగ్గా చదవడం రాదు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పదకొండో తరగతి దాకా తమిళ మీడియమే. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. వత్తులు అంటే మాకు ఇప్పటికీ చీకట్లో మెట్లు దిగినట్టే. రైల్వేలో చేరాక ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అని హిందీ పరీక్షలు పెట్టి నేర్పించారు, పాసయ్యాము. ఉద్యోగానికి ఇంగ్లీషు నేర్చుకున్నాము. ఇక్కడికి వచ్చాక బస్సు బోర్డులు చదివేంత కన్నడం పట్టుకున్నాము. మా అమ్మ భాష మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కొని చదవాలి. సంఘం మినిట్స్ తెలుగులో చదవాల్సి వచ్చినప్పుడల్లా కళ్ళజోడు మరిచామని ఇంకొకరి చేతిలో పెట్టేవాళ్ళము. మీలో కొందరు ఈ పోస్టులు చూసి ఎంత మంచి తెలుగు సార్ అని రాస్తుంటారు. నిజం చెప్పాలి. మేము ఫోన్‌లో మాట్లాడితే అది అక్షరాలుగా పడుతుంది. మా కోడలిది ఒంగోలు పక్క, ఆమె వత్తులు, దీర్ఘాలు సరిచేసి పెడుతుంది. ఈ పోస్టు కూడా అంతే.

తరగతి మొదలైతే ప్రారంభం రోజున కార్యదర్శి బోర్డు మీద రెండు మాటలు రాయాలి కదా. అదే మా భయం. ఆ రోజుల్లో మాకు కూడా ఇది ఇంత స్పష్టంగా తెలియదు. నిజంగానే హాలు దొరకదని నమ్మాము. దాగి ఉన్న బలహీనత అంటే అదే. ఎదుటివాళ్ళకు తెలియకపోవడం ఒక ఎత్తు, మనకు కూడా అది న్యాయమైన కారణం వేషంలో కనబడడం ఇంకొక ఎత్తు. పోయిన సంక్రాంతికి మా మనవరాలు గ్రీటింగు కార్డు మీద ఉన్న తెలుగు చూపించి, తాతా ఇదేమిటి అని అడిగింది. కళ్ళజోడు లేదన్నాము. కళ్ళజోడు మీ ముక్కు మీదే ఉంది తాతా అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్ళు, ఇరవై ముప్పై మంది పిల్లలు, మా ఒక్కరి సిగ్గుకు కట్టిన వడ్డీ అది.

కౌంటర్లో సాయంత్రం లెక్క తక్కువ వస్తే ఆ షార్టేజి మా జేబు నుంచి కట్టాలి. ఇక్కడ కూడా కడతాము. ఆ తల్లి ఇంటికి పోయి క్షమాపణ చెప్పాము. ఆమె ముందు ఏమీ మాట్లాడలేదు. కాఫీ ఇచ్చి, చివరికి ఒక మాట అడిగింది: అంకుల్, అప్పుడే చెప్పి ఉంటే మీకు కూడా నేర్పేదాన్ని కదా. దానికి మా దగ్గర జవాబు లేదు.

అందుకని కొత్త కమిటీకి మా విన్నపం రెండు మాటల్లో.

ఒకటి, పేరు ఇచ్చే ప్రతి ఒక్కరూ ఇంట్లో కూర్చొని ఒక కాగితం మీద ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి. గత ఏడాదిలో ఏ పనిని రెండుసార్లు వాయిదా వేశాను, అసలు కారణం ఏమిటి? ఎవరికీ చూపించనవసరం లేదు. డబ్బు లెక్కంటే భయమా, మైకు ముందు నిలబడాలంటే భయమా, చిన్నవాళ్ళు తనకంటే బాగా చేస్తారని భయమా, కన్నడంలో మాట్లాడాల్సిన ఆఫీసుకు పోవాలంటే భయమా, రాసుకోండి. తరువాత ఆ పని వచ్చినవాళ్ళను పక్కన పెట్టుకోండి, లేదా నేర్చుకోవడం మొదలుపెట్టండి. దుర్గాబాయి గారు ఆ రెండూ చేశారు.

రెండు, పెద్దవాడు వద్దన్నాడని ఏ ప్రతిపాదననూ మూసేయవద్దు. ఎందుకు వద్దు అని ఒక్కసారి అడగండి. మమ్మల్ని ఆరోజు ఎవరైనా, హాలు మేము చూస్తాము అన్నా అని ఉంటే మా దగ్గర ఇంకో సాకు ఉండేది కాదేమో.

తెలుగు తరగతి వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు మొదలవుతుంది. హాలు దొరికింది, నిజానికి ఎప్పుడూ దొరికేదే. పిల్లలను పంపండి. పెద్దవాళ్ళలో మా లాంటి వాళ్ళు, చెన్నపట్నం, హోసూరు, కోలారు పక్క నుంచి వచ్చి ఇంట్లో తెలుగు, బడిలో వేరే భాష చదివినవాళ్ళు మనలో తక్కువేమీ లేరు. సిగ్గుపడకుండా రండి. మేము వెనక బెంచీలో పలక పట్టుకొని కూర్చొని ఉంటాము. క పక్కన ఖ రాయడం అక్కడే నేర్చుకుంటాము.

ఈసారి కమిటీకి మా పేరు ఎవరూ ప్రతిపాదించవద్దు. మీటర్‌గేజి సంగతి వచ్చే వారం తప్పకుండా రాస్తాము. దాంట్లో ఒక పేరా అయినా మేమే మా చేత్తో రాసి ఫోటో తీసి పెడతాము. తప్పులు ఉంటే కింద చెప్పండి, దాచవద్దు.

ఉంటాము.